ఒకే సర్జన్‌కు రెండు హెచ్-ఇండెక్స్‌లు

ఇంటర్వ్యూ ఇంకో పది రోజులుందనగా ఓ యువ సర్జన్ నా గదికి వచ్చారు. విశాఖపట్నంలో మెడికల్ కాలేజీలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో ఆయన జనరల్ సర్జరీ అసిస్టెంట్ ప్రొఫెసర్. నేను గణాంకాల మనిషిని. పీజీల థీసిస్‌లకు శాంపిల్ సైజు లెక్కగట్టడం, కేస్ షీట్లలోని వివరాలను పట్టికలుగా మార్చడం నా పని. ఒకరి పరిశోధన పేపర్లను మిగతావాళ్లు తమ పేపర్లలో ఎంతగా ఉదహరించారో ఒక్క అంకెలో చెప్పే కొలత హెచ్-ఇండెక్స్. దాన్ని లెక్కగట్టి చూపే వెబ్‌సైట్లు గూగుల్ స్కాలర్, స్కోపస్. ఆయన ఫోన్ తీసి నా ముందు పెట్టారు. "మేడమ్, గూగుల్ స్కాలర్‌లో నా హెచ్-ఇండెక్స్ 7 అని ఉంది. స్కోపస్‌లో చూస్తే 3. దరఖాస్తులో ఏది రాయమంటారు? ఏది నిజం?"

రెండూ నిజమే అన్నాను. ఆ జవాబు ఆయనకు కొంచెం కూడా అక్కరకు రాలేదని ముఖం చూస్తేనే తెలిసింది. కూర్చోమని, కాగితం తీసుకుని మొదటి నుంచీ చెప్పాను. ఆ రోజు చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఈ అంకెల మీద ఇప్పుడు మనుషుల ఉద్యోగాలు, కాలేజీల ర్యాంకులు ఆధారపడుతున్నాయి. అవి ఎలా పుడతాయో మాత్రం సర్జన్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు.

పేపర్ రాసేవాళ్లు తాము ఆధారం చేసుకున్న పాత పేపర్ల పట్టికను చివర ఇస్తారు. ఎవరిదో పట్టికలో మీ పేపర్ కనబడితే మీకు ఒక సైటేషన్ పడినట్టు. వీటిని కూడబెట్టి లెక్కించాలన్న ఆలోచన యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్‌ది. ఒక పాత తీర్పును ఆ తర్వాత ఏయే తీర్పుల్లో ప్రస్తావించారో వెతకడానికి అక్కడి లాయర్ల దగ్గర లావుపాటి పుస్తకాలు ఉండేవి. సైన్స్‌కూ అలాంటిది కావాలని ఆయన 1955లో రాశారు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. దాని పని వెతుకులాటే. ఫలానా పేపర్ తర్వాత ఆ దారిలో ఎవరెవరు నడిచారో పట్టుకోవడానికి అది లైబ్రరీలో పనికొచ్చే సాధనం. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఆ ఇంట్లోనే పుట్టింది. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడాది పడిన సైటేషన్లను, ఆ రెండేళ్ల పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. అందులో మనిషి గురించి ఏమీ లేదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 10 ఉన్న జర్నల్‌లో పడ్డ పేపర్‌కు ఒక్క సైటేషన్ కూడా రాకపోవచ్చు.

మనిషికి అంకె ఇచ్చినవాడు హోర్హే హిర్ష్. కాలిఫోర్నియాలో భౌతిక శాస్త్రవేత్త. 2005లో ఆయన చెప్పిన సూత్రం చిటికెలో అర్థమవుతుంది, అందుకే అంత త్వరగా పాకింది. ఒక సర్జన్‌కు పది పేపర్లు ఉన్నాయనుకుందాం. వాటికి పడిన సైటేషన్లను పెద్ద నుంచి చిన్నకు పేర్చితే 48, 21, 15, 9, 6, 6, 3, 1, 0, 0. పై నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. ఆరో పేపర్‌కు 6 సైటేషన్లు ఉన్నాయి, సరిపోయింది. ఏడో పేపర్‌కు కనీసం 7 ఉండాలి, 3 మాత్రమే ఉన్నాయి. అంటే హెచ్-ఇండెక్స్ 6.

ఇప్పుడు ఆ మొదటి పేపర్‌కు 48 బదులు 480 సైటేషన్లు వచ్చాయనుకోండి. ప్రపంచమంతా ఆ పద్ధతినే పాటిస్తోందన్నమాట. హెచ్-ఇండెక్స్ అయినా 6 దగ్గరే ఉంటుంది. ఈ లోపాన్ని సరిచేద్దామని 2006లో లియో ఎగే జి-ఇండెక్స్ తెచ్చారు. మొదటి జి పేపర్ల సైటేషన్లు కలిపితే జి వర్గానికి (జి × జి) తగ్గకూడదని దాని నియమం. మన సర్జన్ పది పేపర్లకు కలిపి 109 ఉన్నాయి, పది వర్గం 100 కాబట్టి జి-ఇండెక్స్ 10. పదికి తగ్గకుండా సైటేషన్లు వచ్చిన పేపర్లెన్నో చెప్పేది గూగుల్ వాడే ఐ10; మన లెక్కలో అది 3. హెచ్‌ను మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్లతో భాగిస్తే ఎం. మొదటి పేపర్ వచ్చి పదిహేనేళ్లయితే 0.4 వస్తుంది. ఒకే మనిషి, అవే పది పేపర్లు. కొలత మారితే 3, 6, 10, 0.4.

ఇక 7, 3 సంగతి. స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ 2004లోనే వచ్చాయి కానీ వాటి చూపు వేరు. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న జర్నళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది. గూగుల్ స్కాలర్ ఇంటర్నెట్‌లో దొరికిన థీసిస్‌లు, సదస్సుల సంచికలు, జర్నల్‌లో రాకముందే నెట్‌లో పెట్టే ప్రిప్రింట్లు అన్నీ తిరగేస్తుంది. దాదాపు ఎవరికైనా గూగుల్ అంకె పెద్దగానే ఉంటుంది. ఈ సర్జన్ పన్నెండు పేపర్లలో నాలుగు స్కోపస్‌కు ఎక్కని జర్నళ్లలో ఉన్నాయి. మరో రెండు పేపర్ల సంగతి వేరు. అవి స్కోపస్‌లో ఉన్నాయి, కానీ ఇంకెవరిదో అన్నట్టు వేరే ప్రొఫైల్‌లో పడి ఉన్నాయి.

ఇది మన తెలుగువాళ్ల పేర్లతో వచ్చే చిక్కు, బాగా పెద్దది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. జర్నల్ వాళ్ల ఫారం 'లాస్ట్ నేమ్' అడుగుతుంది. ఒకసారి అందులో ఇంటిపేరు రాస్తాం, ఇంకోసారి చివర ఉంది కదా అని రావు అని రాస్తాం. పీజీలో ఉండగా గైడ్ గారు నింపిన ఫారంలో మరో రకంగా ఉంటుంది. కంప్యూటర్‌కు వాళ్లు ముగ్గురు మనుషులు. పైగా 'రావు ఎస్' అనే పేరు మీద ఎంతమంది శ్రీనివాసులు, సత్యనారాయణలు, సుబ్బారావులు ఉన్నారో లెక్కే లేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడ డాక్టర్ల అంతకుముందు పని మొత్తం అవతలి గట్టున మిగిలిపోతుంది. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య దీనికి మందు. డబ్బు కట్టక్కర్లేదు. పీజీలో చేరిన మొదటి వారంలోనే అందరి చేతా తీయించాలని నేను ఎప్పటినుంచో పోరుతున్నాను. ఈయన చేత ఆ సాయంత్రమే తీయించి, రెండు ప్రొఫైళ్లు కలపమని స్కోపస్‌కు అర్జీ పెట్టించాను. కలిపాక 3 కాస్తా 4 అయింది. ఆ మధ్యలో ఆయన కొత్తగా ఒక్క అక్షరం రాయలేదు.

అంకె చేతికొచ్చాక దాన్ని ఎవరి పక్కన పెట్టి చూడాలన్నది అసలు ప్రశ్న. ఈ విషయంలో జరిగే అన్యాయం నన్ను బాగా బాధపెడుతుంది. సైటేషన్లు పడాలంటే ఆ విషయం మీద పేపర్లు రాసేవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉండాలి. రోబోటిక్ సర్జరీ మీద రాస్తే అమెరికా, కొరియా, ఇటలీ అన్నీ చదువుతాయి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి చీల్చిన ముఖాన్ని తిరిగి నిలబెట్టిన ప్లాస్టిక్ సర్జన్ రాస్తే? ఎలుగు గాయాల మీద రాసేవాళ్లే కొద్దిమంది. ఆ పేపర్‌కు పదేళ్లలో ఎనిమిది సైటేషన్లు వస్తే అది గొప్ప సంగతి. సర్జరీ లోపల కూడా శాఖకూ శాఖకూ తేడా ఉంది. న్యూరోసర్జన్ హెచ్-ఇండెక్స్‌ను పిల్లల సర్జన్ హెచ్-ఇండెక్స్ పక్కన పెట్టి చూడటం కొలబద్దను మధ్యలో మార్చేయడమే. సర్జన్‌ను బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ పక్కన పెడితే ఇంకా ఘోరం.

శాఖల మధ్య ఈ తేడాను సర్దడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016లో రిలేటివ్ సైటేషన్ రేషియో అనేదాన్ని తెచ్చింది. ఒక పేపర్‌ను దానితో కలిపి ఉదహరించే పేపర్ల గుంపుతోనే పోల్చి చూస్తుంది. ఆ సంస్థ డబ్బుతో వచ్చే పేపర్లలో నడిమిదానికి 1 వచ్చేలా కట్టారు. నాకు ఉన్నవాటిలో ఇదే కాస్త న్యాయంగా కనిపిస్తుంది. అయితే మన దగ్గర దరఖాస్తు ఫారాల్లో దీనికి గడి ఉండగా ఇప్పటిదాకా నేను చూడలేదు.

ఏ రకం పేపర్‌కు సైటేషన్లు వస్తాయో కూడా చూడాలి. వర్గీకరించడానికీ, కొలవడానికీ పనికొచ్చే పేపర్లకు విపరీతంగా వస్తాయి. ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందులను తీవ్రత ప్రకారం వర్గీకరించే క్లేవియెన్-డిండో పద్ధతి 2004లో 6,336 మంది రోగుల మీద పరీక్షించి వేసిన ఒకే పేపర్. ఇవాళ ప్రపంచంలో ఏ మూల సర్జరీ ఫలితాలు రాసినా దాన్ని పేర్కొనకుండా కుదరదు. అపెండిసైటిస్‌కు 1986లో వచ్చిన అల్వరాడో స్కోర్ మన హౌస్ సర్జన్లు క్యాజువాల్టీలో వేళ్ల మీద లెక్కేస్తారు. 1951లో లోరీ రాసిన ప్రోటీన్ కొలిచే పద్ధతికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి.

ఈ సందర్భంలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. సైన్స్ చరిత్రలో అత్యధికంగా ఉదహరించిన పేపర్లలో అదొకటి. సైటేషన్ లెక్కకు ఆయన అక్కడ దొరుకుతారు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. దాన్ని పిల్లల ల్యుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) వాడి తాత్కాలికంగా నయమైందని అమెరికన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో రాసిన పేపర్‌తో క్యాన్సర్‌కు మందుల చికిత్స అనే మాటకే బలం వచ్చింది. ఆ పేపర్ రచయితల వరుసలో సుబ్బారావు పేరు లేదు. ఏ ఇండెక్స్‌లో వెతికినా ఆ పిల్లల ఊపిరి ఆయన ఖాతాలో పడదు.

సర్జరీలో అలాంటి కథ ఎరిక్ మ్యూహెది. విశాఖలో ఏ వీధి నర్సింగ్ హోమ్‌కు వెళ్లినా పిత్తాశయం రాళ్లకు ల్యాపరోస్కోపీ చేస్తారు. ఆ ఆపరేషన్ మొట్టమొదట చేసింది ఈ జర్మన్ సర్జన్, బోబ్లింగెన్ అనే చిన్న ఊళ్లో, 1985 సెప్టెంబరు 12న. మరుసటి ఏడాది జర్మన్ సర్జన్ల సదస్సులో చెబితే ఎవరూ నమ్మలేదు. ఆయన రాసింది జర్మన్‌లో, పెద్ద జర్నళ్లలో పడలేదు. కొన్నేళ్లకు ఫ్రాన్స్ నుంచి, అమెరికా నుంచి వచ్చిన పేపర్లే సైటేషన్లన్నీ ఎగరేసుకుపోయాయి. 1992లో ఆ జర్మన్ సంఘమే ఆయనకు పురస్కారం ఇచ్చింది. 1988లో ఎవరైనా మ్యూహె హెచ్-ఇండెక్స్ తీసి ఉంటే, సాధారణ సర్జన్ అని పక్కన పెట్టేసేవారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా సర్జనే. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేగుల సర్జరీలో శిక్షణ పొందినవాడు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్మెమ్మార్ టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్‌లో ఆయన వేసిన పేపర్‌ను 2010లో ఉపసంహరించారు. ఉపసంహరించిన పేపర్లలో సైటేషన్లు అత్యధికంగా ఉన్నవాటిలో అది ముందుంటుంది. చాలామంది అది తప్పని చెప్పడానికే దాన్ని ఉదహరించారు. లెక్కలో మాత్రం తిట్టుకూ ఒకటే, మెచ్చుకోలుకూ ఒకటే.

రచయితల వరుస దగ్గరికి వద్దాం. మన యూనిట్లలో పేపర్ ఎలా పుడుతుందో అందరికీ తెలుసు. పీజీ థీసిస్ కోసం ఏడాదిన్నర రోగుల వివరాలు పోగేస్తాడు. అసిస్టెంట్ ప్రొఫెసర్ దిద్దుతాడు. చీఫ్ గారి పేరు, ఇంకో యూనిట్ చీఫ్ గారి పేరు, రేడియాలజీ సార్ పేరు చేరతాయి. ఎనిమిది మంది పేర్లుంటే హెచ్-ఇండెక్స్ ఆ ఎనిమిది మందికీ ఒక్కో పూర్తి పేపర్ ఇస్తుంది. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: పనిలో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. ఈ నాలుగూ నెరవేరితేనే రచయిత. పని చేయకపోయినా పేరు చేర్చే గిఫ్ట్ ఆథర్‌షిప్ మన దగ్గర మర్యాద కింద నడుస్తోంది. ఒక పీజీ అమ్మాయి తను చేసిన పని మీద తన పేరు నాలుగో చోట చూసుకుని నా గదిలో కన్నీళ్లు పెట్టుకుంది. అది మర్యాద అని ఆమెకు నేను చెప్పలేకపోయాను.

నియమాలు ఈ వరుసను ఎలా తిప్పుతాయో మన దేశమే చూపించింది. పదోన్నతికి మొదటి ఇద్దరు రచయితల పేపర్లే చెల్లుతాయని, ఎలక్ట్రానిక్ జర్నళ్లు చెల్లవని మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2015లో చెప్పింది. మన వైద్య జర్నళ్ల సంపాదకులే దాన్ని తప్పుపట్టారు. తర్వాతి సవరణల్లో మొదటి ముగ్గురు లేదా జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరస్పాండింగ్ ఆథర్ అని సడలించారు. 2020లో కౌన్సిల్ స్థానంలోకి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది పొరబడుతున్నారు: అధ్యాపకుల అర్హత నియమాలు అడిగేది పేపర్లను, పరిశోధన పద్ధతుల కోర్సును. హెచ్-ఇండెక్స్‌ను అడగవు. అది వచ్చేది కాలేజీ సొంత మదింపుల్లో, విదేశీ ఫెలోషిప్పుల్లో, గ్రాంట్ల దరఖాస్తుల్లో. పేపర్‌కు ఇంతని డబ్బు కట్టించుకుని వారంలో వేసే జర్నళ్లు బతికేది మాత్రం పేపర్ల సంఖ్య అనే ఆ మొదటి షరతు మీద.

ఏటా పత్రికల్లో మనవాళ్లకు ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు అని ఫోటోలతో వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ సమాచారంతో కట్టే జాబితా అది. ఇందులో మంచి ఏమిటంటే ఒంటరిగా రాసినవి, మొదటి పేరు, చివరి పేరు ఉన్నవి వేరుగా చూస్తారు. సొంత పేపర్లను తామే ఉదహరించుకున్న లెక్క తీసేసి కూడా చూపిస్తారు. 174 ఉపశాఖలుగా విడదీస్తారు. అందులో జీవితకాలం జాబితా ఒకటి, ఒకే ఏడాది జాబితా ఒకటి. ఏ జాబితాలో అన్నది వార్తలో ఉండదు. అడిగి తెలుసుకోవాలి.

హెచ్-ఇండెక్స్ వట్టి అబద్ధమని నేను అనడం లేదు. న్యూరోసర్జరీ అధ్యాపకుల మీద అమెరికాలో 2009లో వచ్చిన అధ్యయనంలో అసిస్టెంట్ నుంచి ప్రొఫెసర్ దాకా హోదాతో పాటు హెచ్ పెరగడం కనిపించింది. ఆ తర్వాత ఇతర సర్జరీ శాఖల్లోనూ అలాగే తేలింది. కానీ ఈ అంకె ఎప్పుడూ తగ్గదు. పరిశోధన మానేసిన మనిషికి కూడా పాత పేపర్ల మీద వడ్డీలా పెరుగుతూనే ఉంటుంది. వయసుతో హోదా పెరుగుతుంది, వయసుతో హెచ్ కూడా. రెండూ కలిసి నడవడంలో ఆశ్చర్యమేముంది? వయసును తీసేస్తుందనే ఎం లెక్కలో ఇంకో ముల్లు ఉంది. ఎంఎస్, ఎంసీహెచ్ మధ్యలో పిల్లల్ని కని రెండేళ్లు ఆగిన సర్జన్‌కు ఆ రెండేళ్లూ హారంలోనే ఉంటాయి.

పోలికకు ముందు మన నేల ఎలా ఉందో కూడా చూడాలి. 2005 నుంచి 2014 వరకు దేశంలోని 579 వైద్య సంస్థలను స్కోపస్‌లో గాలించి సమీరన్ నండీ, ఆయన సహచరులు ఒక లెక్క తీశారు. నండీ కూడా సర్జనే. 332 సంస్థల నుంచి పదేళ్లలో ఒక్క పేపర్ లేదు. ఏడాదికి వందకు పైగా పేపర్లు వేసినవి 25 మాత్రమే, దేశం మొత్తం ఉత్పత్తిలో నలభై శాతం వాటిదే. 1923 నుంచి నడుస్తున్న ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధమైన కేజీహెచ్ ఆసుపత్రి మెట్ల మీద ఒక ఉదయం నిలబడి చూడండి. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, అవతల ఒడిశా కొరాపుట్, మల్కన్‌గిరి నుంచి వచ్చిన జనం. ఓపీ, ఓటీ, ఎమర్జెన్సీ డ్యూటీ పోను సర్జన్‌కు రాసుకునే పూట ఏది? అయినా రోగుల సంఖ్యలో, జబ్బుల వైవిధ్యంలో ఆ కేస్ షీట్ల గదికి సాటి వచ్చే ఆసుపత్రులు ఐరోపాలో అరుదు. ఒక డేటా ఎంట్రీ మనిషి, వారానికి అరపూట సమయం ఇవ్వకుండా అంకె మాత్రం అడగడం నాకు న్యాయంగా తోచదు.

2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశం నుంచి వచ్చిన డోరా ప్రకటన, మనిషిని జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో తూచవద్దంది. 2015 లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాలు చెప్పింది. అంకె నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలని, స్థానిక అవసరాల మీద చేసే పరిశోధనను కాపాడాలని వాటిలో ఉంది. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లు ఒక్క పని చేస్తే చాలు. అయిదు పేపర్లు ఎంచుకోమని, ఒక్కో దాని కింద అందులో మీరు చేసిందేమిటి, దానివల్ల ఏం మారిందని నాలుగు వాక్యాలు రాయమని అభ్యర్థిని అడగాలి. ఆ అయిదూ చదవాలి. అభ్యర్థికి అరగంట కూడా పట్టదు, బోర్డుకు ఒక సాయంత్రం పడుతుంది.

మా సర్జన్ గారికి కూడా ఇదే చెప్పి, అయిదు ఎంచమన్నాను. సైటేషన్లు ఎక్కువున్నవే వరుసగా ఎంచుకున్నారు. కిందెక్కడో రెండే సైటేషన్లున్న పేపర్ ఒకటి నా కంట పడింది. పేగుకు చిల్లు పడి ఏజెన్సీ నుంచి వచ్చిన రోగులు కడుపునొప్పి మొదలైన ఎన్ని గంటలకు ఆపరేషన్ బల్ల మీదికి చేరారో, ఆ ఆలస్యంలో ఏ వాటా ఎక్కడ జరిగిందో లెక్కగట్టిన పేపర్ అది. మొదటి పేరు ఆయనదే. దాని గురించి అడిగితే, ఆ పట్టిక చూశాకే తమ యూనిట్ వాళ్లు కొండ మీది ఆసుపత్రులకు ఒక ఫోన్ నంబర్ ఇచ్చి, బయల్దేరే ముందే ముక్కులో గొట్టం, సెలైన్ పెట్టి పంపమని చెప్పారట. అది పరిశోధన కింద వస్తుందని ఆయనకు తట్టలేదు.

ఫైలు మొదటి పేజీలో ఇప్పుడు ఆ పేపర్ ఉంది, నాలుగు వాక్యాలతో. ఆఖరి పేజీలో హెచ్-ఇండెక్స్ రెండు వరుసల్లో రాయించాను: గూగుల్ స్కాలర్ 7, స్కోపస్ 4. రెండింటి పక్కనా చూసిన తేదీ.